అంకయ్య గిలకల ఎవలిదో బొక్క

బెల్లంపల్లి,
9 జులై 2023.

చెల్లె సక్కుబాయికి,

నీ అన్న అంకయ్య మంచంల పండి, కడుపు మీద అట్ట పెట్టుకొని రాస్తున్న. అక్షరాలు వంకర పోతే కాలు విరిగినందుకు అనుకో. కాలు మంచిగున్నప్పుడు గూడ గిట్లనే రాసేటోన్ని గని, ఇప్పుడొక సాకు దొరికింది.

కాలు విరిగిన సంగతి మీ వదినె సమ్మవ్వ నీకు ఫోన్ల చెప్పిందట. ఎట్ల విరిగిందో మాత్రం ‘మీ అన్ననే అడుగు’ అన్నదట. నన్ను ఫోన్ల అడిగితే ఏం ఫాయిదా? నువ్వు ‘తిన్నవా’ అంటే నాకు ‘ఉన్నవా’ అని వినవడ్తది. ‘ఉన్న’ అంట. బొగ్గుబాయిల పేలుడు సప్పుళ్లకు చెవులు పోయినయని ఇప్పుడు అందరికి ఎరుకే. కరీంనగర్ల ఉన్న మా బిడ్డె నవనీత వాట్సాప్ల రాయుమంటది. ఆ ఫోన్ల ఒక్క అక్షరం ఒత్తితే నా వేలి కింద మూడు లేస్తయి. అందుకే కాయిదం పట్టిన.

ఇగ విను. ముప్పై మూడేండ్లు భూమి కింద పని చేసిన. కప్పు కూలకుంట కింద దుంగలు నిలవెట్టుడు నా పని. ఒక్క గోరు ఊడలే. జాగ్రత్తగ పని చేసినందుకు మూడుసార్లు స్టీల్ గిన్నెలు ఇచ్చిండ్రు. ఇంట్ల చారు ఇప్పటికీ గా గిన్నెలనే కాగుతది. రిటైరై రెండేండ్లాయె. జూన్ పదకొండు నాడు పొద్దుగాల ఒక కోతి వచ్చి గడప ముంగటి నా చెప్పు ఎత్తుకపోయింది. ఒక్కటే చెప్పు. గోడ మీద కూసుండి, నన్ను చూసుకుంటనే దాన్ని కొరుకుతున్నది.

నేను గోడెక్కిన. అరవై రెండేండ్ల మనిషిని. మీ వదినె ఎనుక నుంచి ‘పడ్తవ్, పడ్తవ్’ అని మొత్తుకున్నదట. నాకు ‘పట్టు, పట్టు’ అని వినవడ్డది. పెండ్లయి ఇన్నేండ్లల్ల ఇదే మొదటిసారి నన్ను ఎంకరేజ్ చేస్తున్నదని ఉషారైన. ఎగవడ్డ. కోతి పక్కింటి రేకుల మీద పడ్డది. నేను గోడ అవుతల రాళ్ల కుప్ప మీద పడ్డ, ఎడమకాలు మీద నిలువుగ.

మంచిర్యాల దవాఖానల ఫిలిం తీసి చూసిండ్రు. చీలమండ కాడ, గిలకల పైన, కాలిబొక్క పింగాణి గిన్నె లెక్క పలిగిందట. ఆపరేషన్ చేసి ప్లేట్లు, స్క్రూలు బిగించిండ్రు. మూడు నెలలు కాలు కింద పెట్టద్దట. ఒక్క చెప్పు కోసం పోయినోన్ని, ఇప్పుడు నాకు ఒక్క చెప్పే అక్కర.

నువ్వు ఫికర్ చెయ్యకు. బావను అడిగినట్టు చెప్పు.

కోతి చేతిల ఓడిన
నీ అన్న అంకయ్య


ఆదిలాబాద్,
17 జులై 2023.

అన్నా,

నీ ఉత్తరం చదివి నవ్విన. నవ్వినందుకు సిగ్గుపడి ఏడ్సిన. ఆయనకు చదివి వినిపియ్యంగ కోతి కాడికి వచ్చేసరికి మల్ల నవ్విన. మీ బావ అంబదాస్ జిన్నింగ్ మిల్లుల పత్తి తూకం కాడ కూసున్న మనిషి గద, ప్రతిదాన్ని తూస్తడు. ‘చెప్పు కొత్తదా పాతదా?’ అన్నడు. తెల్వదన్న. ‘కశాలా?’ అన్నడు, ఎందుకు ఎక్కిండు అని. ఆయనకు కోపమొచ్చినా, బాధయినా మరాఠీ వస్తది. ఆ ‘ఎందుకు’కు జవాబు నీ కాడుంటే రాయి.

నేను వచ్చి నిన్ను చూడాలె. రాలే. తుంటి నొప్పి. మూడేండ్ల కింద డాక్టరు ఫిలిం చూసి ‘తొడబొక్క పైన గుండు అరిగిపోయిందమ్మా, తీసేసి కొత్తది పెట్టాలె’ అన్నడు. ‘పత్తి ఏరుడు అయినంక చూద్దాం సారు’ అన్న. మాకు పత్తి చేనే లేదు. తర్వాత బతుకమ్మ అయినంక అన్న, సలికాలం పోయినంక అన్న. ఇరవై ఆరేండ్లు అంగన్‌వాడీల పిల్లలను ఒళ్లె కూసోబెట్టుకొని ‘సూదమ్మ వచ్చింది, చీమమ్మ కుట్టింది’ అని పాట పాడి టీకాలు వేయించిన టీచర్ను నేను. నాకు సూది వేస్తే అవుతలికి తిరుగుత. ఇప్పుడు నేను బస్సు మెట్టు మీద ఉంటే కండక్టరు ‘ఎక్కుతున్నవా అమ్మా, దిగుతున్నవా?’ అంటున్నడు. నాకే సమజ్ కాదు.

నువ్వు మాత్రం డాక్టర్ చెప్పినట్టు విను. కాలు కింద పెట్టకు. బీడీలు బంద్ చెయ్యి. ఇది ఎవలు చెప్తున్నరో చూడకు, ఏం చెప్తున్నరో చూడు.

నడుస్తున్నట్టు కనవడే
నీ చెల్లె సక్కు


కరీంనగర్,
5 నవంబర్ 2023.

చెల్లె సక్కూ,

నాలుగు నెలల సంది రాయలే. సిగ్గయింది. ఇప్పుడు గూడ సిగ్గుతోనే రాస్తున్న.

మూడు నెలలు కాలు కింద పెట్టద్దన్నరా? నలబై రెండో రోజు పెట్టిన. మీ వదినె నీళ్లకు నల్ల కాడికి పోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నయి. పిలిస్తే వస్తది. పిలువలే. ముప్పై మూడేండ్లు కప్పు మోసినోనికి పావు లీటరు పాలు లెక్కనా అనుకున్న. లేసి నాలుగు అడుగులేసి పొయ్యి బంద్ చేసిన. పాలు దక్కినయి, కాలు పోయింది. బీడీలంటవా, బంద్ చేసిన, మీ వదినె ముంగట.

అప్పటి సంది నొప్పి, వాపు. నవనీత పట్టువట్టి కరీంనగర్ తీస్కచ్చింది. ఈడి డాక్టరు మంచోడు. నాకు వినవడదని ప్రతి మాట కాయిదం మీద రాసి చూపెడ్తడు. మొదట చేసినోళ్లది తప్పేం లేదట, తప్పు నాదేనట. ఆ మాటను పెద్ద అక్షరాలతోని రాసిండు. ప్లేటు విరిగింది. బొక్క అతుకలే. పలిగిన ముక్కలు కొన్ని పాడైతే తీసేయవలసి వచ్చింది. నడుమ అగ్గిపెట్టె అంత సందు పడ్డది. ఆ సందును నింపితేనే మల్ల నిలవడుత. లేకుంటే గిలక కదలకుంట బిగించి, బతికినన్ని రోజులు కర్ర. చీము పడితే కాలే తీసుడు.

నా తుంటి కాడ కొంచెం గీకి పెట్టొచ్చు గని సరిపోదట. సుగర్ మనిషిని, వయసు మీద పడ్డోన్ని. ఇంకొకలు ఇచ్చిన బొక్క కావాల్నట.

అది చదివి నేనేం రాసిననో ఎరుకేనా? ‘ఎవలోళ్లది?’ అని రాసిన. యూనియన్ల ఎర్రజెండ పట్టుకొని మనుషులందరు ఒక్కటే అని గొంతు పోయేదాక అరిచినోన్ని. ఆ ప్రశ్న నా చేతిలకు ఎట్ల వచ్చిందో ఇప్పటికి తెల్వదు. డాక్టర్ చదివిండు. కలం మూత పెట్టిండు. దానికన్న తిడితే మంచిగుండు.

నా మనసు ఒప్పుతలేదు సక్కూ. రక్తసంబంధం అయితే ఒక తీరు, ముక్కు మొఖం తెల్వనోళ్లదంటే ఒక తీరు. నువ్వేమంటవ్? ఆలోచించి రాయి. డాక్టర్ పదిహేను రోజులు టైమిచ్చిండు.

పాలు కాపాడిన
అంకయ్య


ఆదిలాబాద్,
13 నవంబర్ 2023.

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ‘రక్తసంబంధం’ కాడికి వచ్చేసరికి మూడుసార్లు కండ్లద్దాలు తుడుసుకున్న. నువ్వు నోరు తెరిచి అడిగేటోనివి కావు. చిన్నప్పుడు గూడ నా పల్లెంల అప్పడం కావాలంటే అప్పడం దిక్కు చూసేటోనివి, అడగకపోయేది. నాకు సమజైంది.

ముందుగాల నిజం రాస్త. నాకు బీపీ ఉన్నది. సుగర్ అంచు మీద ఉన్నది. మొన్న గుమ్మడికాయ కొయ్యంగ నడుం పట్టుకున్నది. మీ బావకు చెప్తే నన్ను కిందికి మీదికి చూసి ‘నీ దాంట్ల ఇచ్చేంత బొక్క ఏడున్నది? ఉన్నదే అరిగింది’ అన్నడు. తూకమేసి చెప్పినట్టే చెప్పిండు. నాకు లోపట సంబురమైంది. ‘ఆయన వద్దంటుండు అన్నా’ అని రాద్దామని కూసున్న. రాసిన గూడ. రాసి చించిన.

దీపావళికి చెయ్యాల్సిన పనులన్ని పక్కకు పెట్టి రెండు రోజులు బియ్యంల రాళ్లేరుకుంట ఆలోచించిన. రాళ్లు లేవు, బియ్యమే తక్కువైనయి. నేను ఎంత పిరికిదాన్నో నాకు బాగ ఎరుకైంది.

తీసుకో అన్నా. ఎడమకాలుది తీసుకో, కుడి తుంటి ఎట్లాగు ఖరాబే. లేకుంటే పక్కబొక్క తీసుకోమను. ఇరవై నాలుగు ఉంటయట, ఒకటి తగ్గితే ఎవలు లెక్కవెడ్తరు? ఒక్కటే షరతు. నాకు తెలివి లేకుంట చేసి తియ్యాలె. ఏ రోజు తీస్తరో ముందు చెప్పద్దు. ‘అన్నను చూసొద్దాం పా’ అని మీ బావ తీస్కరావాలె, నేను నమ్మినట్టు చేస్త.

సగం ధైర్యంతోని
సక్కు


కరీంనగర్,
20 నవంబర్ 2023.

సక్కూ,

నీ ఉత్తరం చదువుతుంటే నాకు నవ్వాగలే. నవనీత ఏమైందని ఉరికొచ్చింది. ఆమెకిచ్చిన. ఆమె చదివి నవ్వలే. ‘అత్త నిజంగనే ఇస్తనంటున్నది బాపూ’ అని కాయిదం మీద రాసింది. అప్పుడు నాకు గూడ నవ్వు పోయింది.

నీ కాలు నువ్వు ఉంచుకో పిచ్చిదానా. పక్కబొక్కలు ఇరవై నాలుగు జాగ్రత్తగ పెట్టుకో. నేను రాసుడే అడ్డం తిడ్డం రాసిన. బతికున్నోళ్ల కాళ్లు కోసి నాకు పెట్టరు. సచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు ఒప్పుకుంటే బొక్కలు తీసి, కడిగి, పరీక్షలు చేసి, గడ్డకట్టించి దాస్తరట. రక్తానికి ఉన్నట్టే దానికి గూడ బ్యాంకు ఉన్నదట. డాక్టర్ ఫోన్ చేస్తే ఐస్ డబ్బల పెట్టి పంపుతరు.

గని నేను వద్దన్న. నిన్ననే డాక్టర్‌కు రాసిచ్చిన. ఎందుకో నీకు చెప్పాలె. మంచం మీద ఉన్న మనిషికి తప్పించుకొని పోయే జాగ ఉండదు, అందుకే ఇప్పుడు చెప్తున్న.

మన సంపత్ ముచ్చట. ఇన్నేండ్లల్ల నీ కొడుకు పేరు నేను ఒక్క ఉత్తరంల రాయలే. నువ్వు గమనించినవో లేదో.

ఆ జనవరిల నిర్మల్ రోడ్డు మీద వాని బండికి లారీ తగిలి, వాన్ని పట్నం దవాఖానకు తీస్కపోయినంక, మూడో రోజు ఒక మేడం వచ్చింది. నువ్వు, బావ గోడకు ఒరిగి కూసున్నరు. పెద్ద మేనమామనని నా కాడికి వచ్చింది. మెల్లగ మాట్లాడింది. నాతోని మెల్లగ మాట్లాడేటోళ్లంటే నాకు సావే. అప్పటికే నా చెవులు సగం పోయినయి, ఎవ్వలికి చెప్పకపోయేది. ముసలోడంటరని. ఎవలేమన్నా తలకాయ ఊపేటోన్ని.

నాకు వినవడ్డది మూడే మాటలు. ‘కండ్లు’, ‘బొక్కలు’, ‘తీసుకుంటం’. వాన్ని బతికిచ్చేటందుకు కాలు తీసేస్తమంటున్నరు అనుకున్న సక్కూ. వాడు బతుకుతడనే అనుకున్న. కబడ్డీ ఆడే పోరడు, కాలు లేకుంట లేస్తే మామను ఏమంటడు అని నా లోపట అదే తిరిగింది. ‘మావోన్ని ముట్టుకుంటే ఊకోను, ముక్కలు చెయ్యనియ్య’ అని వార్డంత దద్దరిల్లేటట్టు అరిచిన. ఆమె దండం పెట్టి పోయింది.

నెల దినాలు అయినంక నవనీత చెప్పింది, ఆ మేడం ఏం అడిగిందో. వాడు అప్పటికే పోయిండని, మిషనే ఊపిరి పీలుస్తున్నదని, వానివి ఇస్తే ఇంకొకలు బతుకుతరని అడిగిందట. నేను తలకాయ ఊపిన. ముందే ఎరుకున్నట్టు. మన దిక్కు పెద్దమనుషులు ‘అంకయ్య గట్టిగ నిలవడ్డడు’ అన్నరు. దానికి గూడ తలకాయ ఊపిన.

ఇప్పుడు చెప్పు. ఎవలింట్లనో గసొంటి దినం వచ్చింది. ఆడ నా అసొంటి చెవిటోడు లేడు గనుక నాకు బొక్క దొరుకుతున్నది. ఇయ్యనోడు ఏ మొఖంతోని తీసుకుంటడు?

కర్ర పట్టుకొనే బతుకుత. కోపం చెయ్యకు. చేసినా చెయ్యి.

అంకయ్య


ఆదిలాబాద్,
26 నవంబర్ 2023.

అన్నా,

నాకు వినవడ్డది.

ఆ మేడం చెప్పిన ప్రతి మాట నాకు వినవడ్డది. గోడ కాడ కూసున్న గని చెవులు నీ కాడనే ఉన్నయి. మెదడు పనిచేస్తలేదు, ఇగ లేవడు అన్నది. కండ్లు, కిడ్నీలు, తోలు, బొక్కలు అని ఒక్కొక్కటి చెప్పింది. ఇయ్యాలనిపిచ్చింది. ఒట్టు. ‘తీసుకోండ్రి’ అనే మాట గొంతు దాక వచ్చింది. అంతల నువ్వు అరిచినవ్.

నాకు ఎట్లనిపిచ్చిందో తెలుసా? తప్పిచ్చుకున్నట్టు అనిపిచ్చింది. ఇగ నేను చెప్పే పని లేదు, అన్న చెప్పిండు అని. ఇంటింటికి తిరిగి కోడండ్లకు, అత్తలకు నచ్చజెప్పి చుక్కల మందు వేయించిన టీచర్ను. నా ఒక్క కొడుకు కాడికి వచ్చేసరికి నీ ఎనుక దాక్కున్న. తర్వాత ఎవలన్న అడిగితే ‘మా అన్న ఒప్పుకోలే’ అన్న. నీ మీద కోపం గూడ పెట్టుకున్న. నువ్వు వద్దన్నవని కోపం. నేను ఒక్కపారి లేచి నీ భుజం పట్టుకొని గుంజితే అయిపోవు. లేవలే. అప్పుడు నా తుంటి మంచిగనే ఉండే.

నీకు చెవులు లేవు, నాకు నోరు లేదు. ఇద్దరం కలిస్తే గూడ ఒక్క మనిషి కాలే.

నీ ఉత్తరం ఆయనకు గూడ చదివిన. చదువద్దనుకున్న గని, ఇంక దాచుడు చాలనిపిచ్చింది. ఆయన ఏమీ తూయలే. లేసి బయటికి పోయి బొండుమల్లె చెట్టుకు నీళ్లు పోసిండు. నిండిన కుండీల ఇంకా పోస్తనే ఉన్నడు. లోపటికొచ్చి ఏమన్నడంటే, ఆయన మాటనే రాస్తున్న: ‘ఒకసారి ఇచ్చుడు చేతగాలే. ఎవలో ఇస్తుంటే ఇప్పుడు చెయ్యి ఎనుకకు గుంజితే, రెండుసార్లు వద్దన్నట్టయితది. బామ్మర్దికి రాయి. తీసుకొమ్మను.’ మరాఠీ ఒక్క ముక్క గూడ రాలే అన్నా.

నేను గూడ గదే అంటున్న. చెల్లెగ కాదు, సంపత్ అవ్వగ అంటున్న. తీసుకో.

దీనికి ఉత్తరం రాయకు, ఆలస్యమైతది. నవనీతతోని ఫోన్ చేయించు. ‘ఒప్పుకున్నడు’ అని ఒక్క మాట చాలు.

సక్కు


కరీంనగర్,
24 డిసెంబర్ 2023.

చెల్లె సక్కుకు, బావకు,

ఒప్పుకున్న సంగతి నవనీత ఫోన్ల చెప్పింది గద. పన్నెండో తారీకు ఆపరేషన్ అయింది. ఇయ్యాల కూసుండి రాస్తున్న.

నడుం కింద మొద్దుబార్చిండ్రు గని తెలివితోనే ఉన్న. ఒకలు తెల్లటి డబ్బ తెచ్చిండ్రు, మూత తీస్తే పొగలు. పేరుండదు, నంబరే ఉంటది. ఆ నంబర్ సిస్టరమ్మ గట్టిగ చదివింది. నేను దాన్ని మనసుల పెట్టుకున్న. తర్వాత కాయిదం మీద చూస్తే వేరేది. అందుల గూడ తప్పే విన్న.

డాక్టర్ బొమ్మ గీసి చూపెట్టిండు. కొత్త బొక్క ఇప్పుడు ఊకె నిలవడి బరువు మోస్తదట. నెలలు పోంగ నా బొక్క దాని లోపటికి పెరుగుతదట. ఇది దుంగ లెక్కనే గద అని రాసిన. దుంగ ఏందన్నడు. అరగంట సేపు ఆయనకు బాయిల కప్పు కింద దుంగలు నిలవెట్టుడు నేర్పిన. పాపం బయట పేషెంట్లు ఎదురు చూస్తున్నరు. మేము పెట్టిన దుంగలు ముప్పై మూడేండ్లల్ల ఒక్కటి గూడ బొగ్గు కాలే. ఇది మాత్రం నా ఒంట్ల కలిసి నా బొక్కనే అయితదట.

‘ఎవలోళ్లది’ అని ఈసారి అడగలే. ఇచ్చినోళ్లకు దండం పెడుతున్నని రాసిన. అప్పుడు ఆయన ఒక గమ్మతి చెప్పిండు. అన్ని సచ్చినోళ్లవే కావట. తుంటి మార్చుకునేటోళ్లకు అరిగిన గుండు తీసేస్తరు గద, అది గూడ వాళ్లు ఒప్పుకుంటే, పరీక్షలల్ల మంచిగుంటే, దాస్తరట. లేకుంటే చెత్తల పోయేది. నాకు పెట్టింది గూడ అసొంటిదేనట. ఏ ముసలమ్మదో అయి ఉంటది. పొద్దుగాల లేవంగనే ఎడమకాలు ఒక్కటే సణుగుతున్నది.

ఇది నీకు చెప్తున్నట్టు కాదు. ఊకెనే రాసిన. ఒకసారి నా రాత సమజ్ కాక ఇరవై నాలుగు పక్కబొక్కలు పంచిపెట్టబోయినవ్. నేను ఏం అడుగుతలేను.

బీడీలు నిజంగనే బంద్. నవనీత జేబులు చూస్తున్నది.

నాలుగు నెలలు మంచంల ఉండబోయే
అంకయ్య


కరీంనగర్ దవాఖాన,
2 మార్చి 2024.

అన్నా,

ఊకెనే రాసినవా? నీ ఊకె నాకు ఎరుకలేదా? ఈపారి తప్పు సమజ్ కాలే.

సోమవారం నాడు నా తుంటి మార్చిండ్రు. నీకు ముందు చెప్పలే, చెప్తే బెల్లంపల్లి నుంచి ఒంటికాలు మీద గెంతుకుంట వస్తవని. నవనీత నాకు కాపలా ఉన్నది, పాపం ఈ ఏడు ఆమెకు మనిద్దరి బొక్కలే సరిపోయినయి.

నేను శూరురాలినని అనుకోకు. ఆపరేషన్ రూంలకు తీస్కపోతుంటే నోట్లకెళ్లి సూదమ్మ పాట దానంతటదే వచ్చింది. అన్ని చరణాలు పాడిన. మత్తు డాక్టరు ‘అమ్మా, ఇది మా అంగన్‌వాడీల పాడేటోళ్లు’ అన్నడు. ఏ ఊరు బిడ్డా అని అడిగేలోపు నాకు తెలివి పోయింది.

అంతకుముందు దినం ఒక అమ్మాయి కాయిదాలు తెచ్చింది. పచ్చకామెర్లు వచ్చినయా, క్యాన్సర్ ఉన్నదా, రక్తం ఎక్కించుకున్నవా అని మస్తు అడిగింది. ఆరు నెలలకు మల్ల రక్తం తీసి చూస్తరట, అంతదాక నా గుండు గడ్డకట్టి ఉంటదట. పనికిరాకపోతే పారేస్తరట. ఎవలికి పెడ్తరో చెప్పరు, నేను అడగద్దు. అన్ని చెప్పి ‘మీ ఇంటోళ్లతోని మాట్లాడుకోండ్రి’ అని మీ బావ దిక్కు చూసింది.

‘ఆయనను అడుగుడు ఎందుకు? నాది. తీసుకోండ్రి’ అన్న. ఎంత గట్టిగ అన్ననంటే పక్క మంచం మీద నిద్రపోయే ఆమె లేసి కూసున్నది. ఆ అమ్మాయి ‘మెల్లగ చెప్పినా చాలమ్మా’ అన్నది. మెల్లగ చెప్పుడు నాకు చేతగాదు బిడ్డా, ఒకసారి మెల్లగ ఉండి చూసిన అన్న. ఆమెకు సమజ్ కాలే. మీ బావకు అయింది. మొఖం కిటికీ దిక్కు తిప్పుకున్నడు. జర సేపటికి ఇటు తిరిగి ‘ఎన్ని గ్రాములుంటది?’ అని అడిగిండు.

నిన్న వాకర్ పట్టుకొని ఎనిమిది అడుగులేసిన. నొప్పి ఉన్నది గని పాత నొప్పి కాదు.

కొత్త తుంటి
సక్కు


బెల్లంపల్లి,
19 మే 2024.

సక్కూ,

ఫిలిం తీసిండ్రు. కొత్త బొక్క అంచుల పొంట నాది పెరుగుతున్నదట. డాక్టర్ ‘శెభాష్’ అని రాసిండు. ఈసారి గూడ పెద్ద అక్షరాలే.

కర్ర పట్టుకొని మూల మీది చాయ్ హోటల్ దాక పోయిన. రెండుసార్లు కూసున్న. ముప్పావు గంట పట్టింది. పోయేసరికి చాయ్ అయిపోయింది. అయినా మస్తు ఖుషీ అయింది.

ఎండలు జర తగ్గంగనే ఆదిలాబాద్ వస్త. సంపత్ ముచ్చట్లు చెప్పు. ఇన్నేండ్లు నేను అడగలే, నువ్వు చెప్పలే. గట్టిగ చెప్పు, పక్కింటోళ్లకు వినవడ్డా ఫర్వాలేదు.

అంకయ్య


ఆదిలాబాద్,
25 నవంబర్ 2024.

అన్నా,

నువ్వొచ్చి పోయి నాలుగు నెలలాయె. నువ్వున్న మూడు రోజులు నేను అరిచి అరిచి సంపత్ ముచ్చట్లు చెప్పినందుకు గొంతు పోయి వారం దినాలు సైగలు చేసిన. మా గల్లీల అందరికి వాడు చిన్నప్పుడు గచ్చు మీద పడి పన్ను పలగ్గొట్టుకున్న సంగతి దాక ఎరుకైంది. ఎదురింటి సారు నిన్న నన్ను ఆపి ‘మీవోడు కబడ్డీల జిల్లా దాక ఆడిండట గద’ అన్నడు. వాని గురించి ఒకలు అట్ల ముచ్చట పెట్టక ఎన్నేండ్లాయెనో.

అసలు సంగతి ఇది. మొన్న తొమ్మిది నెలల పరీక్షకు కరీంనగర్ పోయిన. ఆగస్టుల తీసిన రక్తం మంచిగున్నదని ముందే చెప్పిండ్రు. ఈపారి ఆ కాయిదాల అమ్మాయి ఎదురైంది. అడగద్దని ఎరుకే. అడిగిన. ఆమె అటు ఇటు చూసి ‘పోయిన నెల పెట్టిండ్రమ్మా. మంచిగున్నది’ అన్నది. పిల్లనా, పోరడా, పెద్దమనిషా, కాలుకా, చెయ్యికా అని నేను ఎన్కవడ్డ. ‘అంతే చెప్తా’ అని నవ్వుకుంట పోయింది.

మీ బావ పక్కనే ఉండి విన్నడు. ఇంటికొచ్చినంక ‘సక్కూ, పోలెలు చేస్తవా?’ అన్నడు.

సంపత్ పోయినంక నేను పోలెలు చెయ్యలే అన్నా. చేతులు మరిచిపోయినయేమో అనుకున్న. మొదటి నాలుగు పలిగినయి, పూర్ణం పెనం మీద పడి మాడింది, ఇల్లంత పొగ. అయిదోది మంచిగ వచ్చింది. ఇరవై ఒకటి చేసిన. గల్లీల ఇంటికి రెండు పంచిన, కొత్త తుంటితోని నేనే తిరిగి.

ఎదురింటామె దేవవ్వ ‘ఇయ్యాల ఏం పండుగ లేదు గద, ఏం ఉన్నది?’ అని అడిగింది.

‘మా ఇంటిదొకటి ఎవలింట్లనో నడుస్తున్నది’ అన్న.

ఆమెకు సమజ్ కాలే. పోలె తుంచి నోట్లె వేసుకొని, ‘బెల్లం జర ఎక్కువైంది సక్కుబాయి’ అన్నది. నిజమే, ఎక్కువే అయింది.

నీకు, వదినెకు నాలుగు తీసి పెట్టిన. ఫ్రిజ్‌ల ఆదివారం దాక ఆగుతయి. ఇద్దరు రాండ్రి. బస్టాండ్ కాన్నుంచి మా ఇంటి దాక నడిచి రావాలె. ఆటో ఎక్కితే పోలె పెట్ట.

నీ చెల్లె
సక్కు